ప్రభువు బల్ల ముందు ఎర్ర మోటారు సైకిలు

దేవునికి కానుకలిచ్చినవాళ్ళు మా మార్కాపురం తాలూకాలో ఎందరో ఉన్నారు. పరాయివాళ్ళ మోటారు సైకిలును కానుకగా ఇచ్చి, సంఘమంతా లేచి చప్పట్లు కొడుతుంటే తల వంచుకుని అందుకున్నదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. ఆ ఘనత ఇంతవరకూ నా దగ్గరి నుంచి ఎవరూ లాక్కోలేదు. ఆ ఘోరమంతా చెబుతాను, వినండి. భయపడకండి, ఎవరికీ కాలు విరగలేదు, చెయ్యి విరగలేదు, ప్రభువుకు స్తోత్రం. విరిగింది నా బడాయి ఒక్కటే. అది మళ్ళీ అతుక్కోలేదు. అందుకూ స్తోత్రమే.

పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. కొనకనమిట్ల పోయే బాటలో ఒక చిన్న పల్లెలో ఉండేవాళ్ళం. మా ఆయన దానియేలు కాంపౌండరు. పెళ్ళికి ముందు ఒక దొర డాక్టరు దగ్గర పనిచేస్తూ ఆయన మోటారు సైకిలు తోలేవాడు. దొర తన దేశం పోయాడు, బండీ పోయింది. ఆ తరువాత పదకొండేళ్ళపాటు మా ఆయన తోలింది ఎద్దులను, అప్పుడప్పుడూ పెరట్లో కోళ్ళను.

అట్లాంటి రోజుల్లో మార్కాపురం దవాఖానా నుంచి కబురు వచ్చింది. ఊళ్ళు తిరిగి మందులిచ్చే కాంపౌండరు కావాలట. సొంత మోటారు బండి ఉన్నవాడై ఉండాలట. సోమవారం పొద్దున బండితో సహా వచ్చి కనబడాలి, లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. మాది కూలినాలి చేసుకునే ఇళ్ళ నుంచి పైకి వచ్చిన సంసారం. నెల తిరిగేసరికి జీతమొచ్చే ఉద్యోగమంటే మా ఇంట్లో దీపం వెలిగినట్టే. పదకొండేళ్ళుగా కూడబెట్టింది ఒక పాత బండికి సరిపోతుంది. రెండో బండికి కాదు కదా, రెండో బండి హారనుకు కూడా సరిపోదు. ఈ ఒక్క సంగతీ మనసులో పెట్టుకుంటే మిగతాదంతా మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

అమ్మకానికి రెండు బండ్లు దొరికాయి. రెండూ పందేల్లో ఉరికినవే.

ఎర్రది గిద్దలూరిలో కలప వ్యాపారం చేసే ఓబుల్‌రెడ్డిది. పాతికేళ్ళ కుర్రవాడు, మాట కూడా బండి మాదిరే పోతుంది. "అక్కా, మదరాసులో పందెం గెలిచిన బండి ఇది. నాలుగు దినాలు మీ కాడ పెట్టుకోండి, తోలి చూసుకోండి. ఆదివారం రైలుకు నేనే వస్తా. నచ్చిందా, మీది. నచ్చలేదా, తోలుకపోతా. ఏమంటావు బావా?" అని అప్పటికప్పుడే మా ఆయనను బావను చేసి, బండి మా వాకిట్లో నిలిపి వెళ్ళిపోయాడు. ముక్కూ మొహం తెలియని మమ్మల్ని అంతగా నమ్మాడు.

నల్లది మార్కాపురంలో పలకల గనుల లారీలు బాగుచేసే కాశిం సాయెబుది. గడ్డం నెరిసిన మనిషి. ఆయనా బండిని మా ఇంట్లోనే వదిలాడు. "ఇదీ వయసులో పందేలకు దిగిందే బిడ్డా. ఇప్పుడు బుద్ధి తెచ్చుకుంది. ఆ ఎర్రది ఉరుకుతది, కాదనను. ఇది నిలబడతది. మన తాలూకా రోడ్డు మీద ఏది కావాల్నో మీరే చూసుకోండి" అన్నాడు.

మా అత్త మార్తమ్మ రెండు బండ్ల చుట్టూ ఒక్కో ప్రదక్షిణ చేసి తీర్పు చెప్పింది. "ఎర్రది పెళ్ళికొడుకు మాదిరుండాది. నల్లది పెళ్ళికొడుకు మేనమామ మాదిరుండాది."

నా మనసు అప్పుడే పెళ్ళికొడుకు వైపు వాలిపోయింది. ఏం చెప్పమంటారు! మిరపపండు రంగు ట్యాంకు, దాని మీద బంగారు గీత, ముందుకు వంగిన పిడులు. నిలబెట్టి ఉంచినా అది పరుగెత్తుతున్నట్టే ఉండేది. నాకు నాయన ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాడు కానీ, ఆశను ఆపుకునే పాఠం చెప్పేలోపు పెళ్ళి చేసేశాడు.

శుక్రవారం పొద్దున తోలి చూద్దామన్నాడు మా ఆయన. వెనక బొంత మడిచి వేసుకుని నేనూ ఎక్కాను.

"గట్టిగా పట్టుకో సారమ్మా."

"పట్టుకున్నా. నీకు తోలడం గుర్తుండాదా?"

"ఈతా, బండీ మరిచిపోయేవి కాదే."

నిజమే, ఆయన మరిచిపోలేదు. కానీ ఆయనకు గుర్తున్నది దొర బండి. ఆ పాత బండిలో ట్యాంకు పక్కన చిన్న మీట జరిపితే వేగం పెరిగేదట. ఈ బండికి చేతిలోని పిడినే తిప్పాలి. మా ఆయన మీట కోసం ట్యాంకు పక్కన తడుముకుని, అది కనబడక భయపడి, భయంతో పిడిని బిగించి పట్టుకున్నాడు. బిగిస్తే పిడి తిరిగింది. పిడి తిరిగితే బండి ఉరికింది. బండి ఉరికితే ఆయనకు ఇంకా భయం వేసింది. భయం వేస్తే ఇంకా బిగించాడు. ఈ లెక్క ఎక్కడ తేలుతుందో మీరే ఊహించుకోండి.

"ఆపయ్యా!"

"మీట యాడుండాదే?"

"నన్నడుగుతావేంది! నేనేమన్నా తయారు చేసినానా?"

కొప్పు ఊడింది. కొంగు జెండా మాదిరి వెనక ఎగిరింది. గొర్రెలమంద రెండుగా చీలి మాకు దారి ఇచ్చింది. మందకాపరి దండం పెట్టాడు, మాకో, పోతున్న మా ప్రాణాలకో తెలియదు. గుంత వచ్చినప్పుడల్లా నేను "స్తోత్రం!" అని కేక పెట్టాను. కొనకనమిట్ల దాకా లెక్కలేనన్ని స్తోత్రాలయ్యాయి. చివరికి బండి ఒక వేరుశనగ చేలోకి దిగి, మెత్తటి దుక్కిలో చక్రాలు కూరుకుపోయి, దానంతట అదే ఆగింది. మా ఆయన దిగి, నేల మీద కూర్చుని, రెండు చేతులూ చూసుకుంటూ అన్నాడు. "నల్లది కొనుక్కుందాం."

నేను మాత్రం చేలో నిలబడి నవ్వుతున్నాను. ఒళ్ళంతా దుమ్ము, గుండె డప్పు కొడుతోంది, పన్నెండేళ్ళ పిల్లనైపోయినట్టు ఉంది. "ఎర్రదే కొనుక్కుందాం. ఇంకొకసారి ఎక్కుదామా?"

శనివారం నల్లదాన్నీ తోలాము. పోయాము, వచ్చాము. దాని గురించి చెప్పడానికి అంతకుమించి ఏమీ లేదు. అదే దాని గొప్ప అన్నాడు మా ఆయన. అదే దాని లోపం అన్నాను నేను.

"ఎర్రది."

"నల్లది."

"ప్రార్థన చేసి తేల్చుకుందాం" అన్నాను. మా ఆయన సంతోషించాడు. పాపం, ఆయనకేం తెలుసు! ఏ బండి కొనాలో చెప్పమని దేవుణ్ణి అడిగే ఉద్దేశం నాకు లేదు. ఎర్రదే అని ఆయన చేత అనిపించాలని నా ఉద్దేశం.

మరునాడే మా సంఘంలో కోతపండుగ. సజ్జ కంకులు, కొర్రలు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఎవరికి దేవుడు ఏది ఇస్తే అది గుడిలోకి తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ వాకిట్లో వేలం వేస్తారు. బల్ల ముందుకు పోయిన వస్తువు పాటలోనే బయటికి రావాలి. మన సొరకాయైనా సరే, మనకే కావాలంటే పాట పాడి కొనుక్కోవాల్సిందే. చేతిలో రొక్కం ఆడని ఊరు గనుక పాట గింజల్లోనే నడిచేది. ఈ కట్టుబాటు నాకు తెలియక కాదు. పుట్టింది మొదలు చూస్తున్నాను. ఏటేటా నా సొరకాయను నేనే పాడుకుంటున్నాను. అయితే సొరకాయకు ఉన్న కట్టుబాటు మోటారు సైకిలుకు కూడా ఉంటుందని ఆ రోజు నాకు తట్టలేదు. అంతమంది ప్రార్థించే చోట బండి నిలబెడితే నాలుగు మాటలు దాని మీద కూడా పడతాయి, ఆ పైన మా ఆయన కాదనలేడు, అంతవరకే నా ఆలోచన.

కలిసి వచ్చినట్టు, ఆ రాత్రి కూటంలో మాట్లాడడానికి పిలిచిన బోధకుణ్ణి దొనకొండ స్టేషను నుంచి తీసుకురమ్మని అయ్యగారు మా ఆయనను పంపారు. ఆయన నల్లబండి మీద పోయాడు. నేనూ మా అత్తా ఎర్రబండిని గుడిదాకా నెట్టుకుపోయాము. మెట్లకు చెక్కపలక వేసి లోపలికి ఎక్కించాము. పండుగ పూట బోసిగా ఉండకూడదని పిడులకు సజ్జ కంకులు కట్టాను, బండి ముందు దీపానికి బంతిపూల దండ వేశాను. గుమ్మడికాయలకూ కోళ్ళగంపకూ నడుమ నిలబెట్టేసరికి, చెప్పకూడదు గానీ, నా కళ్ళు చెమర్చాయి.

అయ్యగారు లోపలికి వచ్చి, చూసి, నిలబడిపోయారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇది ఎవరు తెచ్చినారు?"

"మా సారమ్మ తెచ్చింది అయ్యగారూ" అంది మా అత్త.

"సారమ్మా, నువ్వా?"

"నేనే అయ్యగారూ. ప్రార్థన కోసరమని..."

అంతే. అయ్యగారు సంఘం వైపు తిరిగారు. "సంఘమా! నేను ఈ గుడికి వచ్చి ఇన్నేళ్ళాయె. గుమ్మడికాయలు చూసినా. పొట్టేళ్ళు చూసినా. కూలి చేసుకొని బతికిన ఇంట్లో నుంచి మోటారు సైకిలు కానుకగా రావడం ఇదే చూడ్డం!"

లేచాను. "అయ్యగారూ, అది మాది కాదు!"

"విన్నారా!" అన్నారు అయ్యగారు చెయ్యెత్తి. "మాది కాదంటాది! మనకుండేదేదీ మనది కాదు, అంతా ఆయనదే. నేను గంటసేపు చెప్పే బోధ ఈయమ్మ ఒక్క మాటలో చెప్పింది!"

సంఘమంతా లేచింది. చప్పట్లు. మా పెదనాయన కొడుకు డప్పు మీద రెండు దరువులు కూడా వేశాడు. ఇంకొకసారి నోరు తెరిచి, అయ్యా, ఇది గిద్దలూరు ఓబుల్‌రెడ్డి బండి అని పేరుతో సహా చెప్పి ఉంటే అక్కడికి సరిపోయేది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు మా అత్త నా చెయ్యి పట్టుకుంది. పదకొండేళ్ళ కాపురంలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. "నా కోడలు" అంది పక్కామెతో. "బంగారం."

బండి ఎవరిదో మా అత్తకు తెలియదా అని మీరు అడుగుతారు. తెలుసు. చప్పట్ల మోతలో ఆమె కూడా మరిచిపోయింది. అయ్యగారే అన్నాక మాదే అనుకుంది.

నేను కూర్చున్నాను. అదీ నేను చేసిన తప్పు. బండి తేవడం తెలివితక్కువతనం, దానికి క్షమాపణ ఉంది. తెలిసి తెలిసీ కూర్చోవడం మాత్రం పొగడ్త రుచి. కీర్తనకొకసారి జనం వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నారు. నేను సాధువు మాదిరి కళ్ళు మూసుకున్నాను. లోపల మాత్రం లెక్క కడుతున్నాను. ఎర్రది పోతే దాని ఖరీదు ఓబుల్‌రెడ్డికి మేమే ఇచ్చుకోవాలి. ఇస్తే నల్లది కొనే దారి లేదు. బండి లేకుండా సోమవారం దవాఖానా ముందు మా ఆయన కాళ్ళు చూపించి నిలబడాలి.

ఆరాధన అయింది. వేలం మొదలైంది. పాట పాడించేది సంఘ పెద్ద యాకోబు మామ. ఆయన గొంతెత్తితే పక్క ఊరి కోళ్ళు కూడా తలెత్తేవి. గుమ్మడికాయలు పోయాయి. కోళ్ళు పోయాయి. నా సొరకాయ కూడా పోయింది, ఈసారి నాకు పాడే ఓపిక లేదు. చివరికి బండిని వాకిట్లోకి దించారు.

"ఎర్ర గుర్రం! దండేసుకున్న గుర్రం! ఎవరు పాడతారు?"

"రెండు బస్తాల సజ్జలు!"

"మూడు! ఒక పొట్టేలు కూడా!"

"అయిదు బస్తాలు, రెండు పొట్టేళ్ళు!" అన్నాడు పక్కూరి పెద్ద రైతు ఒకాయన.

"అయిదు బస్తాలు ఒకటోసారి..."

సరిగ్గా అప్పుడే జట్కా వచ్చి ఆగింది. ఓబుల్‌రెడ్డి దిగాడు. చేతిలో సీతాఫలాల గంప. వాళ్ళమ్మ మాకోసం పంపిందట. గుంపును చూశాడు. బండిని చూశాడు. బంతిపూల దండ చూశాడు. గంప కింద పెట్టాడు.

"అక్కా, నా బండిని ఏం చేస్తాండారు?"

అబద్ధం చెప్పే వీలు ఉండి ఉంటే చెప్పేదాన్నేమో, దేవుడు నన్ను క్షమించుగాక. ఆ పిల్లవాడి మొహంలో కోపం కూడా లేదు, ఉత్త ఆశ్చర్యం. నమ్మి ఇంట్లో వదిలి పోయినవాడు. ఇక నిలబడలేకపోయాను. పరుగెత్తి గుడి మెట్టెక్కాను.

"మామా, పాట ఆపు! ఆ బండి మాది కాదు. దేవునిదీ కాదు. ఇదిగో, ఈ రెడ్డిది! తోలి చూసుకోమని ఇచ్చినాడు. మాకు నచ్చితే కొంటామన్నాము. ప్రార్థన చేయిద్దామని తెచ్చినా. మీరు చప్పట్లు కొడితే నాకు బాగుండి కూర్చున్నా. తప్పు నాదే."

అందరికంటే ముందు అమ్ముడుపోయిన కోడి ఒకటి కొక్కొరొకో అంది. నాకు, ప్రభువును ఎరుగనని బొంకి కోడి కూతకు ఏడ్చిన పేతురు అపొస్తలుడు గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

మా అత్త నా చెయ్యి వదిలిన సంగతి వేరే చెప్పనక్కరలేదు. "నేనప్పుడే అనుకున్నా" అంది. ఏమనుకుందో ఈనాటికీ తెలియదు.

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "సారమ్మా, మరి నేను బోధించిన ఆ మాట?"

"మాట మంచిదే అయ్యగారూ. బండే వేరేవాళ్ళది."

అయ్యగారికి నవ్వొచ్చింది. ఆయన నవ్వేసరికి వాకిలంతా నవ్వింది. ఓబుల్‌రెడ్డి అందరికంటే గట్టిగా నవ్వాడు. "సరేలే అక్కా, నా బండి నేను తీసుకపోతా" అని పిడి మీద చెయ్యి వేశాడు. యాకోబు మామ అడ్డం వచ్చాడు.

"ఉండు నాయనా. బల్ల ముందుకు పోయింది పాటలోనే బయటికి రావాల. మా తాత కాలం నుంచి అంతే."

"ఏంది పెదనాయనా, నా బండిని నేనే పాడాల్నా?"

"పాడాల. కట్టుబాటు కట్టుబాటే."

పెద్ద రైతు తన పాట వెనక్కి తీసుకున్నాడు. ఇంకెవరూ పాడవద్దని అయ్యగారు కళ్ళతోనే సైగ చేశారు. ఓబుల్‌రెడ్డి గంపలోకి చూసి ఒక పండు పైకెత్తాడు.

"ఒక సీతాఫలం!"

యాకోబు మామకు పాట చేతికొస్తే ఒళ్ళు తెలియదు. "ఒక సీతాఫలం! నల్లమల సీతాఫలం! ఒకటోసారి... ఇంత గుర్రానికి ఒక్క పండేనా? ఎవరన్నా రెండంటారా?"

"రెండు!" అంది మా అత్త.

"అత్తా!"

"చవకగా పోతాందే!"

నేను ఆమె చెయ్యి పట్టి కిందికి లాగేసరికి ఓబుల్‌రెడ్డి మూడన్నాడు. మా అత్త రెండో చెయ్యి లేపింది. ఆయన నాలుగన్నాడు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ మా అత్త పాట ఆగలేదు. నాలుగు సీతాఫలాలకు పందెపు బండి దాని సొంతదారుకే అమ్ముడుపోయింది. దేవుని ముందు పూర్తి న్యాయం జరిగిందని యాకోబు మామ తృప్తిగా కండువా దులుపుకున్నాడు.

నేను ఓబుల్‌రెడ్డి దగ్గరికి పోయి చేతులు జోడించాను. "తమ్ముడా, ఇంత చేసినా, ఇంకా మాకు అమ్ముతావా?"

"లేదక్కా" అన్నాడు. అని సంబరంగా చెప్పుకుపోయాడు. "కోపంతో కాదు. మా అమ్మకు ఈ బండిని చూస్తే గుండెదడ. యాడ పడి చస్తానో అని అమ్మేదాకా నిద్రపోలే. ఇప్పుడు ఊరుఊరంతా కలిసి దీనికి ప్రార్థన చేసినారు. దేవుని కాడ పాడి కొనుక్కున్నా అని చెప్తా. ఇంక ఏమంటది? నేనే తోలుకుంటా!"

బంతిపూల దండ కూడా తీయకుండా ఎక్కాడు. బండి ఒక్కసారి ఫట్‌మన్నది, దుమ్ము లేచింది, పెళ్ళికొడుకు వెళ్ళిపోయాడు. గంపలో మిగిలిన సీతాఫలాలు మాకే వదిలాడు. నమ్మి మోసపోయి కూడా నవ్విన ఆ తల్లి బిడ్డను తలుచుకుని ఇప్పటికీ ప్రార్థనలో ఒక మాట చెబుతాను.

దుమ్ము అణగకముందే రెండో వైపు నుంచి నల్లది వచ్చింది. దొనకొండ నుంచి ఒక్కచోట కూడా మొరాయించలేదట. వెనక కూర్చున్న బోధకుడు ఇస్త్రీ నలగకుండా దిగాడు. అంతకుమించి దానికి ఏ యోగ్యతాపత్రం కావాలి! మా ఆయన చుట్టూ చూశాడు.

"ఏమే, ఏ బండో తేల్చుకున్నావా?"

"తేల్చుకున్నా. నల్లదే."

ఆయన మొహం వెలిగింది. రేపటి ఉద్యోగం, నెల జీతం, అన్నీ ఆ మొహంలో కనిపించాయి. ఎందుకు మారావని అడగలేదు. ఏం జరిగిందని అడగలేదు. ఏ భర్తా అంత మంచివాడు కాకూడదు.

"దేవుడే నీ మనసు మార్చినాడు సారమ్మా. కాశిం సాయెబుకు పైకమిచ్చే ముందు దీనికి కూడా ప్రార్థన చేయించాల" అంటూ బండిని గుడి మెట్ల వైపు తిప్పి, పలక మీదికి నెట్టడం మొదలుపెట్టాడు.

వెనక యాకోబు మామ గొంతు సవరించుకోవడం వినిపించింది.

నేను ఎట్లా పరుగెత్తానో తెలియదు. ఎర్రబండి కూడా అంత వేగం పోయి ఉండదు. గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి, వాకిలంతా వినేటట్టు ప్రమాణం చేశాను, ఈనాటికీ తప్పలేదు. పరలోకమందున్న తండ్రి సాక్షిగా, సంఘపెద్దల సాక్షిగా, నలగని ఇస్త్రీతో చూస్తున్న ఆ బోధకుడి సాక్షిగా, పొయ్యి మీద పెట్టి వండుకునే వీలులేని ఏ వస్తువునూ నా బొందిలో ప్రాణముండగా గుడి గడప దాటించను.